గల్లా లెక్కలో తేడా, క్యాషియరు మీద అనుమానం: ఎలా తేల్చుకోవాలి?

ఎంవీపీ_సూపర్‌మార్ట్
విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మాకు ఓ మోస్తరు సూపర్ మార్కెట్ ఉంది. రెండు బిల్లింగ్ కౌంటర్లు, పప్పులూ డ్రై ఫ్రూట్సూ తూచి ఇచ్చే ఒక తూకం కౌంటరు ఉన్నాయి. కొన్ని నెలలుగా రాత్రి కొట్టు కట్టేటప్పుడు గల్లాలో డబ్బు తక్కువ వస్తోంది. ఒక రోజు రెండు వందల లోపు, మరో రోజు అయిదారు వందల దాకా ఉంటుంది. దీనికి తోడు నెలాఖరులో సరుకు లెక్క చూస్తే నెయ్యి, వంటనూనె, పలాస జీడిపప్పు కంప్యూటర్‌లో చూపించినంత అరల్లో ఉండడం లేదు.

సాయంత్రం షిఫ్టు చూసే అమ్మాయి మీద నాకు అనుమానంగా ఉంది. పెందుర్తి నుంచి వస్తుంది, వాళ్ల నాన్నగారు మా నాన్నగారికి పరిచయస్థులు, నన్ను బాబాయ్ అని పిలుస్తుంది. ఈ మధ్యే ఖరీదైన ఫోను కొన్నది. పనిలోంచి తీసేయమని మా ఆవిడ అంటోంది, పోలీస్ స్టేషనుకు తీసుకెళితే అన్నీ బయటపడతాయని మా తమ్ముడు అంటున్నాడు. నా చేతిలో రుజువు అంటూ ఏమీ లేదు. ఇలాంటి పరిస్థితి ఎదుర్కొన్నవారు ఏం చేశారో చెప్పగలరు.

పూర్ణామార్కెట్_హోల్‌సేల్
తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనిషిని గల్లా దగ్గర కూర్చోబెట్టి ఇక్కడ సలహాలు అడగడం ఎందుకండీ. మా నాన్నగారి కాలం నుంచి మేము పాటించే పద్ధతి ఒకటే. పొద్దున గల్లాలో పెట్టే చిల్లరతో పాటు ఎవరికీ చెప్పకుండా ఒక అయిదు వందల నోటు ఎక్కువ ఉంచండి. రాత్రి లెక్కలో ఆ నోటు ఎక్కువ వచ్చిందని ఆమె చెబితే మంచి మనిషి, చెప్పకపోతే మీకు సమాధానం దొరికినట్టే.

ఒకప్పటి_క్యాషియర్
ఫోను కొనడం దొంగతనానికి గుర్తు అయితే జగదాంబ జంక్షన్‌లో ఫోన్ల షాపుల ముందు నిలబడిన వాళ్లందరినీ అనుమానించాలి. ఈ రోజుల్లో ఎంత ఖరీదు ఫోనైనా నెలనెలా వాయిదాల మీద దొరుకుతోంది. నేను ద్వారకానగర్‌లో ఒక బట్టల షాపులో చాలాకాలం క్యాషియరుగా పనిచేశాను కనుక అడుగుతున్నాను: ఆ అమ్మాయి భోజనానికో వాష్‌రూముకో వెళ్లినప్పుడు ఆ గల్లా దగ్గర ఎవరు కూర్చుంటున్నారు? షిఫ్టు మారేటప్పుడు పొద్దుటి మనిషి డబ్బు లెక్కపెట్టి, సంతకం తీసుకుని అప్పగిస్తున్నారా, లేక అదే సొరుగును అలాగే వదిలి వెళ్లిపోతున్నారా?

ఎంవీపీ_సూపర్‌మార్ట్
ఆమె లేచినప్పుడు మా తమ్ముడు కూర్చుంటాడు, ఒక్కోసారి నేను కూర్చుంటాను. షిఫ్టు మారేటప్పుడు లెక్క చూసే అలవాటు మాకు లేదు, రాత్రి ఒక్కసారే చూస్తాము.

ఒకప్పటి_క్యాషియర్
అంటే రోజంతా నలుగురు చేతులు పెట్టిన సొరుగుకు రాత్రి ఎవరు మిగిలి ఉంటే వారే జవాబుదారీ అవుతున్నారు. మా షాపులో లెక్క తగ్గిన ప్రతిసారీ చివరి షిఫ్టు వాళ్ల జీతంలోనే కోసేవారు, పొద్దుటి షిఫ్టు వాళ్లు మాత్రం హాయిగా ఇళ్లకు వెళ్లేవారు.

కంచరపాలెం_టీకొట్టు
మా టీ కొట్టులో గల్లా మీద కూర్చునేది నేనే, అందులోంచి తీసేదీ నేనే, రాత్రి ఆడిట్ చేసేది మాత్రం మా ఆవిడ. ఇప్పటివరకు ఆమె పట్టుకోని కేసు లేదు.

లెక్కల_మాస్టారు
మీరు చెప్పిన రెండు తేడాలను ఒకే గాటన కట్టడం వల్ల అసలు సమస్య కనిపించడం లేదు. గల్లాలో డబ్బు తగ్గడం వేరు, గల్లా సరిపోయి సరుకు తగ్గడం వేరు. ఉద్దేశపూర్వకంగా తీసే మనిషి సాధారణంగా గల్లా లెక్క తప్పనివ్వడు, ఎందుకంటే రాత్రి మీరు చూసేది ఆ ఒక్కటేనని అతనికి తెలుసు. కొనుగోలుదారు డబ్బు ఇచ్చి బిల్లు కోసం ఆగకుండా వెళ్లిపోతే ఆ బిల్లును తర్వాత రద్దు చేసి, సరిగ్గా అంతే మొత్తం జేబులో వేసుకుంటాడు. గల్లాలో నగదు పైసాతో సహా సరిపోతుంది, తగ్గేది అరలోని నూనె ప్యాకెట్టు. కనుక రోజూ వంద, రెండు వందలు తగ్గే గల్లాను చూసి నాకు ముందుగా స్ఫురించేది దొంగతనం కాదు, పొరపాటు.

తేడా వచ్చిన రోజుల అంకెలను ఒక కాగితం మీద వరుసగా రాయండి. అందులో 180 గానీ, 360, 540 గానీ తరచుగా కనిపిస్తే, చిల్లర ఇచ్చేటప్పుడు 20 నోటు అనుకుని 200 నోటు ఇస్తున్నారని అనుమానించాలి. నిండు పసుపు 200 నోటు, ఆకుపచ్చ కలిసిన పసుపు 20 నోటు ట్యూబ్‌లైటు వెలుగులో, అందునా పాతబడి నలిగినవైతే, వేగంగా లెక్కపెట్టే చేతికి ఒకేలా ఉంటాయి. ఈ రెండు నోట్లనూ గల్లాలో పక్కపక్క గడుల్లో పెట్టకూడదు. ఇక తేడా 9తో నిశ్శేషంగా భాగించబడితే, పుస్తకంలో ఎక్కించేటప్పుడు అంకెలు తారుమారయ్యాయేమో కూడా చూడాలి. 4,560 రాయవలసిన చోట 4,650 రాస్తే 90 తేడా వస్తుంది, అటువంటి తేడాలన్నీ 9 గుణిజాలే అవుతాయి.

సరుకు తేడా సంగతి వేరు. దానికి రద్దు చేసిన బిల్లులు, వాపసు బిల్లులు, బిల్లు లేకుండా గల్లా తెరిచిన సందర్భాలు, ఈ మూడింటినీ గంటల వారీగా తీయించి చూడాలి.

గాజువాక_మెడికల్స్
మాస్టారు చెప్పిన వాపసు బిల్లుల సంగతి మా అనుభవంలోకి వచ్చింది. మందుల షాపులో మిగిలిన మాత్రలు తిరిగి ఇవ్వడం మామూలే కనుక వాపసు ఎంట్రీలు ఎక్కువైనా మేము పట్టించుకోలేదు. మా దగ్గర పనిచేసిన కుర్రాడు కొనుగోలుదారులు కౌంటరు మీద వదిలేసిన బిల్లులు దాచుకుని, మధ్యాహ్నం ఖాళీ వేళ వాటిపై వాపసు రాసి డబ్బు తీసేవాడు. కంప్యూటర్‌లో మందు తిరిగి వచ్చినట్టు ఉంటుంది, అరలో మాత్రం ఉండదు. ఇన్సులిన్ వాపసు వచ్చినట్టు కనిపించినప్పుడు మాకు అనుమానం తగిలింది. ఫ్రిజ్‌లో ఉంచవలసిన మందు ఒకసారి బయటికి వెళితే మేము తిరిగి తీసుకోము, షాపులో ఆ సంగతి తెలియనివాడు అతనొక్కడే.

సీతమ్మధార_గృహిణి
కొనుగోలుదారుల వైపు నుంచి ఒక మాట. చాలా కొట్లలో మేము అడిగితే తప్ప బిల్లు చేతికి ఇవ్వరు, రెండు రూపాయల చిల్లరకు చాక్లెట్ పెడతారు. ఇచ్చిన చాక్లెట్లకు లెక్క ఉంటుందో ఉండదో యజమానులకే తెలియాలి.

లెక్కల_మాస్టారు
మంచి ప్రశ్న అడిగారు. ఆ చాక్లెట్ల డబ్బా స్టాకులో ఉండి, ఇచ్చినప్పుడు బిల్లు కొట్టకపోతే, గల్లాలో చిల్లర మిగులుతుంది, చాక్లెట్లు తగ్గుతాయి. మిగిలిన ఆ చిల్లరను ఎవరూ అడగరని క్యాషియర్లందరికీ తెలుసు.

బిల్లింగ్_మెషిన్
నేను షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టి చూసుకునే పనిలో ఉన్నాను. ముందుగా ఎంవీపీ గారికి ఒక ప్రశ్న: మీ కౌంటర్లలో ఒక్కొక్కరికి వేరువేరు లాగిన్, పాస్‌వర్డ్ ఉన్నాయా?

ఇక చూడవలసినవి చెబుతాను. కొందరు నగదు తీసుకుని బిల్లును యూపీఐ చెల్లింపుగా ముగిస్తారు. గల్లా సరిపోతుంది, బ్యాంకులో మాత్రం ఆ డబ్బు పడదు. మీ సాఫ్ట్‌వేర్ చూపించే రోజువారీ యూపీఐ మొత్తాన్ని ఖాతాలో జమ అయిన మొత్తంతో పోల్చి చూస్తే అది ఒక్క పూటలో బయటపడుతుంది. కౌంటరు మీది క్యూఆర్ స్టిక్కరు మీ ఖాతాదేనా అన్నది మీరే ఫోనుతో స్కాన్ చేసి, పేరు చూసుకోండి. డబ్బు పడినా సౌండ్ బాక్స్ పలకడం లేదంటే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మీరు పాయింట్ల పథకం నడుపుతుంటే, ఫోను నంబరు ఇవ్వని కొనుగోలుదారుల పాయింట్లన్నీ ఒకే నంబరుకు చేరుతున్నాయేమో కూడా చూడండి.

తూకం సరుకులో మోసం ఇంకా సులువు. కిలో జీడిపప్పు తూచి బంగాళాదుంపల కోడ్ నొక్కితే బరువు సరిగ్గానే ఉంటుంది, స్టిక్కరూ ఉంటుంది, ధర మాత్రం నేలమీద ఉంటుంది. అవతల నిలబడింది తెలిసిన మనిషైతే ఇద్దరూ మాట్లాడరు.

కంచరపాలెం_టీకొట్టు
బంగాళాదుంపల ధరకు జీడిపప్పు ఇచ్చే ఆ కొట్టు చిరునామా ఎవరైనా చెబితే బాగుంటుంది.

పూర్ణామార్కెట్_హోల్‌సేల్
ఇంత పరిశోధన చేసేలోపు కొట్టు ఖాళీ అవుతుంది. మార్గశిర గురువారాల్లో బురుజుపేట అమ్మవారి గుడికి వచ్చే జనంతో మా కొట్టులో ఊపిరి ఆడదు. ఆ రద్దీలో గంటల వారీ లెక్కలు ఎవరు చూస్తారు? అనుమానం వచ్చిన రాత్రే మనిషిని లోపలి గదిలో కూర్చోబెట్టి, సంచి చూసి, గట్టిగా అడిగితే వాళ్లే చెబుతారు. కాగితం మీద రాయించుకుని పంపించేయవచ్చు.

దొండపర్తి_న్యాయవాది
పూర్ణామార్కెట్ గారు చెప్పినట్టు చేస్తే ఫిర్యాదు చేయవలసిన యజమాని ముద్దాయి స్థానంలో నిలబడవలసి వస్తుంది. మనిషిని గదిలో ఉంచి వెళ్లనివ్వకపోవడం అక్రమ నిర్బంధం. పాత ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది సెక్షన్ 127 కిందికి వస్తుంది. చేయి చేసుకుంటే అది వేరే నేరం. ఒక స్త్రీ సంచిని మగవారు లాక్కుని వెతికితే ఆ గొడవ ఎక్కడికి వెళుతుందో నేను చెప్పనవసరం లేదు. భయపెట్టి రాయించుకున్న ఒప్పుకోలు కాగితం న్యాయస్థానంలో నిలబడదు.

ఫిర్యాదు చేయాలనుకుంటే అదే సంహితలో దారి స్పష్టంగానే ఉంది. యజమాని ఆధీనంలోని ఆస్తిని గుమాస్తా లేదా పనివారు దొంగిలిస్తే సెక్షన్ 306, నమ్మి అప్పగించిన సొమ్మును గుమాస్తా సొంతానికి వాడుకుంటే సెక్షన్ 316(4) వర్తిస్తాయి. రెండింటికీ ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. అయితే ఫిర్యాదు ఇవ్వగానే అరెస్టు చేస్తారనుకోవద్దు. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని, ముందు నోటీసు ఇచ్చే పద్ధతి పాటించాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది. కనుక స్టేషనుకు తీసుకెళితే అన్నీ బయటపడతాయన్న మీ తమ్ముడి ఆశ నెరవేరే అవకాశం తక్కువ. మీరు ఇచ్చే కాగితాలను బట్టే కేసు ఉంటుంది.

సీసీ కెమెరా దృశ్యాల విషయంలో ఆలస్యం చేయవద్దు. కెమెరా దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్ పెట్టెలోని హార్డ్ డిస్క్ నిండగానే పాత దృశ్యాలు వాటంతట అవే చెరిగిపోతాయి. అవసరమైన రోజులవి వెంటనే కాపీ చేయించండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారంతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి, అది లేకపోతే వీడియో ఎంత స్పష్టంగా ఉన్నా విచారణలో చిక్కు వస్తుంది.

పూర్ణామార్కెట్_హోల్‌సేల్
న్యాయవాది గారూ, మీరు చెప్పింది కాదనను. కానీ నాలుగు వేలు పోయినందుకు నలభై వేలు కోర్టు చుట్టూ తిరగడానికి ఖర్చు పెట్టేవాడు వ్యాపారం చేయలేడు. నా అయిదు వందల నోటు పరీక్షలో చట్టవిరుద్ధం ఏముంది?

దొండపర్తి_న్యాయవాది
చట్టవిరుద్ధం కాదు, కానీ దానివల్ల తేలేది కూడా ఏమీ లేదు. పొద్దున గల్లాలో ఎంత పెట్టారో ఆమెతో సంతకం తీసుకోకపోతే, ఆ నోటు ఉందన్న సంగతే ఆమెకు తెలియదని అంటుంది. సంతకం తీసుకుంటే ఎక్కువ ఉందని అప్పుడే తెలిసిపోతుంది.

ఒకప్పటి_క్యాషియర్
ఇంకొకటి కూడా ఉంది. లెక్క తగ్గితే జీతంలో కోసే కొట్లలో, ఎక్కువ వచ్చిన డబ్బును ఎవరూ చెప్పరు. రేపు తగ్గితే పూడ్చుకోవడానికి డ్రాయరులో ఓ మూల దాచుకుంటారు. ఆ దాచుకోవడాన్ని యజమాని దొంగతనం అంటాడు, మేము బీమా అనేవాళ్లం. ఈ పరీక్షలో మంచివాళ్లూ తప్పుతారు.

ఎంవీపీ_సూపర్‌మార్ట్
మీరందరూ చెప్పినవి ఒక్కొక్కటిగా చూశాను. గల్లా తేడాల అంకెల్లో 180, 360 చాలాచోట్ల కనిపించాయి. 200, 20 నోట్లు మా సొరుగులో పక్కపక్క గడుల్లోనే ఉన్నాయి, వాటిని మార్చాము. యూపీఐ మొత్తాలు బ్యాంకుతో సరిపోయాయి, క్యూఆర్ మాదే.

రద్దు బిల్లుల జాబితా మాత్రం నన్ను కలవరపెట్టింది. రాత్రి ఎనిమిది తర్వాతే ఎక్కువగా ఉన్నాయి, అన్నీ నగదు బిల్లులే, బిల్లు వేసిన కొద్ది నిమిషాలకు రద్దయినవే. కానీ బిల్లింగ్ మెషిన్ గారు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇబ్బందికరమైనది. రెండు కౌంటర్లకూ ఒకే లాగిన్, పాస్‌వర్డ్ మా కొట్టు పేరే. కెమెరా కూడా ద్వారం వైపు, అరల వైపు చూస్తోంది, గల్లా మీద లేదు.

బిల్లింగ్_మెషిన్
ఈ రోజే ఒక్కొక్కరికి వేరువేరు లాగిన్ ఇవ్వండి, మీ తమ్ముడికి కూడా. బిల్లు రద్దు చేయాలంటే మీ పాస్‌వర్డ్ అడిగేలా అమరిక ఉంటుంది, అయితే దాన్ని ఇప్పుడే పెట్టవద్దని నా సలహా. ముందు రద్దుకు కారణం రాయడం మాత్రం తప్పనిసరి చేయండి. ఎవరి లాగిన్ నుంచి, ఏ నిమిషంలో రద్దవుతున్నాయో కొంతకాలం చూస్తే పాత జాబితా గురించి ఊహించవలసిన అవసరం ఉండదు. కౌంటరు పైన, సొరుగూ సరుకూ రెండూ కనబడేలా ఒక కెమెరా తిప్పించండి. కెమెరా గడియారాన్ని, బిల్లింగ్ కంప్యూటరు గడియారాన్ని ఒకే సమయానికి పెట్టడం మరచిపోవద్దు, పది నిమిషాలు తేడా ఉంటే ఏ బిల్లు ఏ మనిషిదో కలపలేరు.

గాజువాక_మెడికల్స్
నేను దీనితో విభేదిస్తాను. దొంగతనం జరుగుతోందని తెలిసి, పట్టుకోవడం కోసం తలుపు తెరిచి ఉంచడం సరికాదు. ముందు రద్దుకు తాళం వేయండి. జరిగిపోయింది పోయింది, ఇకపై జరగకుండా ఉంటే చాలదా?

బిల్లింగ్_మెషిన్
తాళం వేస్తే రద్దులు ఆగుతాయి, ఆ అమ్మాయి మీది అనుమానం మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆమె చేయకపోయి ఉంటే అది ఆమెకు అన్యాయం.

సీతమ్మధార_గృహిణి
ఈ విషయంలో నేను బిల్లింగ్ మెషిన్ గారి వైపే. వాళ్ల నాన్నగారికి రేపు మీరు ముఖం చూపించవలసి ఉంటుంది కదా.

ఎంవీపీ_సూపర్‌మార్ట్
బిల్లింగ్ మెషిన్ గారు చెప్పినట్టే చేశాను, తాళం వేయలేదు. షిఫ్టు మారేటప్పుడు నోట్ల వివరం రాసి ఇద్దరూ సంతకం పెట్టే పద్ధతి కూడా మొదలుపెట్టాము. గల్లా తేడా దాదాపు పోయింది. అప్పుడప్పుడు పది, ఇరవై వస్తోంది, దాన్ని నేను పట్టించుకోవడం లేదు.

రద్దు బిల్లులు ఆగలేదు. ఆమె లాగిన్ నుంచి వచ్చిన వాటిని కెమెరాతో పోల్చి చూశాను. కొన్నింటిలో కొనుగోలుదారు నిజంగానే సరుకు వెనక్కి పెట్టారు. నాలుగు బిల్లుల్లో మాత్రం సరుకు సంచిలో వేసుకుని వెళ్లిపోయారు, ఆ తర్వాత రద్దయింది, కారణం దగ్గర "కస్టమర్ వద్దన్నారు" అని ఉంది. ఒకదానిలో అయిదు లీటర్ల నూనె డబ్బా చేత్తో పట్టుకుని బయటికి నడిచి వెళ్లడం స్పష్టంగా కనిపిస్తోంది. ఇప్పుడు ఆమెను ఎలా అడగాలి?

దొండపర్తి_న్యాయవాది
పగటిపూట, మీ శ్రీమతి గారిని కూడా కూర్చోబెట్టుకుని, తలుపు తెరిచి ఉంచి మాట్లాడండి. దొంగ అనే మాట వాడవద్దు. నాలుగు బిల్లుల నంబర్లు, సమయాలు రాసిన కాగితం ఇచ్చి, వివరణ రాతపూర్వకంగా ఇవ్వడానికి గడువు ఇవ్వండి. ఆమె మీ దగ్గర ఆరు నెలలకు పైగా పనిచేస్తూ ఉంటే, 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా, నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వకుండా తీసేయడానికి లేదు. దుష్ప్రవర్తన కారణంగా నోటీసు లేకుండా తీసేయాలంటే విచారణ జరిపి, దానిలో ఆధారాలు నమోదు చేసి ఉండాలి. మీరు ఇప్పుడు ఇచ్చే కాగితమే ఆ విచారణకు మొదటి మెట్టు.

లెక్కల_మాస్టారు
ఆ నాలుగు బిల్లుల మొత్తమే చెప్పండి. ఇన్ని నెలల సరుకు తేడా అంతా ఆమె ఖాతాలో వేయవద్దు, దానికి ఆధారం లేదు.

ఎంవీపీ_సూపర్‌మార్ట్
మాట్లాడాము. మొదట అన్నీ కాదన్నది. నూనె డబ్బా దృశ్యం చూపించాక చాలాసేపు మౌనంగా ఉంది. రెండు బిల్లులు తానే రద్దు చేసి డబ్బు తీసుకున్నానని, మిగిలిన రెండు రద్దీలో పొరపాటున నొక్కానని రాసి ఇచ్చింది. "బాబాయ్, నాన్నకు చెప్పొద్దు" అని నాతో అన్నది, మా ఆవిడతో కూడా అదే మాట అన్నది. మర్నాడు రాజీనామా పంపింది. మేము పోలీసు ఫిర్యాదు ఇవ్వదలచుకోలేదు. ఆ నెల పనిచేసిన రోజుల జీతం ఇవ్వాలా, తీసుకున్న మొత్తాన్ని అందులో పట్టుకోవచ్చా?

పూర్ణామార్కెట్_హోల్‌సేల్
జీతం ఎందుకు ఇవ్వాలి? పైగా ఆమె ఫొటో మన వర్తకుల వాట్సాప్ గ్రూపులో పెట్టండి. లేకపోతే వచ్చే నెల మాలో ఎవరి గల్లా మీదో కూర్చుంటుంది.

దొండపర్తి_న్యాయవాది
ఫొటో పెట్టవద్దు. న్యాయస్థానం నిర్ధారించని నేరాన్ని పదిమందిలో ప్రచారం చేస్తే పరువునష్టం దావా మీ మీదికి వస్తుంది. రేపు ఎవరైనా ఫోను చేసి ఆమె గురించి అడిగితే, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పనిచేసిందో చెప్పి ఊరుకోవచ్చు. జీతం మాత్రం ఇవ్వాలి. పనిలోంచి వెళ్లిన మనిషికి బకాయి రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతోంది. అప్పగించిన సొమ్ము పోయినందుకు జీతంలో కోత వేసుకునే వీలు ఉన్నా, దానికి ముందు ఆమెకు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, కోతలన్నీ కలిపి జీతంలో సగానికి మించకూడదు. ఆమె రాతపూర్వకంగా ఒప్పుకున్న రెండు బిల్లుల మొత్తమే పట్టుకుని, మిగతాది బ్యాంకు ద్వారా చెల్లించి, లెక్క కాగితం మీద సంతకం తీసుకోండి.

పూర్ణామార్కెట్_హోల్‌సేల్
మీ మాట వింటే వ్యాపారం కాదు, ధర్మసత్రం నడపాలి. అయినా ఫొటో సంగతి ఒప్పుకుంటున్నాను, మా గ్రూపులో ఒకాయన అలా పెట్టి స్టేషను మెట్లెక్కిన మాట నిజమే.

లెక్కల_మాస్టారు
ఎంవీపీ గారూ, ఒక సంగతి అందరూ మరచిపోతున్నారు. రద్దయిన ఆ నాలుగు బిల్లుల్లో ఏయే సరుకులు ఉన్నాయి?

ఎంవీపీ_సూపర్‌మార్ట్
నూనె, నెయ్యి, ఒక బియ్యం బస్తా, సబ్బులు.

లెక్కల_మాస్టారు
జీడిపప్పు లేదు. అది తగ్గుతున్నది బిల్లింగ్ కౌంటరులో కాకపోవచ్చు. తూకం కౌంటరు స్టిక్కర్ల రిపోర్టులో బంగాళాదుంప, ఉల్లిపాయ కోడ్‌ల మీద నికరంగా ఒక కిలో, అరకిలో తూకాలు ఎన్ని ఉన్నాయో తీయించండి. బంగాళాదుంపలు ఎవరూ గ్రాము తేడా లేకుండా అరకిలో తూయలేరు, జీడిపప్పు తూయగలరు.

ఎంవీపీ_సూపర్‌మార్ట్
ఆ కౌంటరులో ఉండేది మా ఆవిడ తరఫు బంధువుల కుర్రాడు. రిపోర్టు తీయమని సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇప్పుడే ఫోను చేశాను.

కంచరపాలెం_టీకొట్టు
రిపోర్టు మీరే చూడండి, ఆడిటరుగా మీ ఆవిడను మాత్రం పెట్టవద్దు.